సీబీపీ నార్మల్, కానీ బీసీఆర్-ఏబీఎల్ పెరిగింది: మందు పనిచేయడం మానేసిందా?

ప్రశ్న: మా వారికి 44 ఏళ్లు, ఎలక్ట్రికల్ పనులు చేస్తారు. పదిహేను నెలల కిందట తెల్లకణాలు 1,86,000 ఉన్నాయని, స్ప్లీన్ పెరిగిందని చెప్పి పరీక్షలు చేసి సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్) అని తేల్చారు. అప్పటి నుంచి ఇమాటినిబ్ 400 వాడుతున్నారు. బీసీఆర్-ఏబీఎల్ టెస్టు హైదరాబాద్‌లో మూడో నెల 7.2 శాతం, ఆరో నెల 0.85, పన్నెండో నెల 0.09 వచ్చింది. ఈసారి అంత దూరం వెళ్లలేక ఇక్కడే వేరే ల్యాబులో ఇస్తే 0.38 అన్నారు. సీబీపీ రెండో నెలకే నార్మల్ అయింది, ఇప్పటికీ నార్మలే. 'సీబీపీ బాగున్నాక వేలు పోసి ఆ టెస్టు దేనికి, ఫిష్ టెస్టు తక్కువలో అవుతుందట' అంటారు ఆయన. తెలిసినవాళ్లు డాసటినిబ్ ఇంకా పవరని, దానికి మారమంటున్నారు. కడుపులో మంటకు రోజూ పాంటాప్రజోల్ వేసుకుంటారు. పన్నెండో నెల రిపోర్టు బాగా వచ్చిందని మొక్కు ప్రకారం శనివారాలు ఉపవాసం ఉంటున్నారు. పరగడుపున మాత్ర పడదు కాబట్టి ఆ ఒక్కరోజు ఆపేస్తారు, మిగతా రోజులు తప్పరు. మందు పనిచేయడం మానేసిందా? పిల్లలిద్దరికీ కూడా ఈ టెస్టు చేయించాలా?
ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: మందు పనిచేయడం మానేసిందని ఈ ఒక్క రిపోర్టు పట్టుకుని చెప్పలేం. అలాగని పక్కన పడేసే రిపోర్టు కూడా కాదు. అంకె 0.09 నుంచి 0.38కి పెరగడానికి మీ ఉత్తరంలోనే రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి ల్యాబు మారడం, రెండోది శనివారం మాత్రలు పోవడం. ఈ రెండూ కాకపోతే మూడోది, జబ్బు నిజంగానే మందుకు లొంగకుండా పోతూ ఉండటం. ఏది కారణమో తేలాలంటే వచ్చే శనివారం నుంచే మాత్ర మానకుండా వేసుకోవాలి. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, మొదటి మూడు రిపోర్టులు ఇచ్చిన ల్యాబులోనే మళ్ళీ పరీక్ష చేయించాలి. ఈలోగానే చూస్తున్న డాక్టరుకు 0.38 రిపోర్టు చూపించి శనివారాల సంగతి కూడా చెప్పండి. అది చెప్పకపోతే డాక్టరు మందునే అనుమానించాల్సి వస్తుంది.

ముందు మీ వారి ప్రశ్న తీసుకుందాం, ఎందుకంటే సీఎంఎల్ ఉన్న ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట అదే. సీబీపీ రక్తంలో కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. వాటిలో ఏది ఆరోగ్యకరమైన కణం, ఏది జబ్బు కణం అనేది దానికి పట్టదు. సీఎంఎల్ కణంలో 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క చోట్లు మార్చుకుంటాయి. అలా మారి పొట్టిదైన 22నే ఫిలడెల్ఫియా క్రోమోజోము అంటారు. 1960లో ఆ నగరంలోని పరిశోధకులు గుర్తించారు కాబట్టి ఆ పేరు. ఆ మార్పిడిలో బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు ఒకదానికొకటి అతుక్కుని, తెల్లకణాలను ఆగకుండా పెరగమనే ప్రోటీను తయారుచేస్తాయి. ఇమాటినిబ్ అడ్డుకునేది ఆ ప్రోటీన్నే. మీరు బీసీఆర్-ఏబీఎల్ టెస్టు అంటున్నది పీసీఆర్ పరీక్షే, అది ఆ అతుకు జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏ నకళ్లను లెక్కపెడుతుంది.

మీ వారి రిపోర్టులే పక్కపక్కన పెట్టి చూడండి. మూడో నెలలో సీబీపీ నార్మల్, పీసీఆర్ 7.2. పన్నెండో నెలలో సీబీపీ నార్మల్, పీసీఆర్ 0.09. రెండు అంకెల మధ్య తేడా 80 రెట్లు, సీబీపీలో మాత్రం ఏ తేడా లేదు. జబ్బు తిరగబెట్టేటప్పుడూ ఇంతే. ముందు పీసీఆర్ అంకె లేస్తుంది, సీబీపీ చెడటం నెలల తర్వాతి సంగతి. సీబీపీ కోసం ఎదురుచూస్తే ఆ నెలలన్నీ పోయినట్టే.

సీబీపీ అవసరం లేదని కాదు. అది మందు చేసే చెడును పట్టుకుంటుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 1,000 కంటే, లేదా ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గితే డాక్టర్లు సాధారణంగా మాత్ర తాత్కాలికంగా ఆపి, అవి 1,500, 75,000 దాటాక మళ్ళీ మొదలుపెడతారు. ఈ రెండు పరీక్షల్లో ఒకటి చేయించాం కదా, రెండోది దేనికి అనుకోవడానికి లేదు.

ఇక అంకెలు. ఏ ల్యాబు ఫలితమైనా ఒకే కొలతలో చెప్పడానికి వాడే ఇంటర్నేషనల్ స్కేల్ మీద 100 అంటే మీ వారికి మొదటి రోజున్న అంకె అనుకుంటారు చాలామంది. అది కాదు. ఇమాటినిబ్ మీద జరిగిన తొలి పెద్ద అధ్యయనంలో చికిత్సకు ముందు రోగులకున్న సగటు మట్టాన్ని 100గా తీసుకున్నారు. 0.1 అంటే అందులో వెయ్యో వంతు. దీన్నే మేజర్ మాలిక్యులర్ రెస్పాన్స్ అంటారు, రిపోర్టుల్లో ఎంఎంఆర్ అని రాస్తారు. యూరప్ రక్త క్యాన్సర్ నిపుణుల బృందం యూరోపియన్ లుకేమియా నెట్ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం మూడో నెలకు 10 లేదా అంతకంటే తక్కువ, ఆరో నెలకు 1 లేదా తక్కువ, పన్నెండో నెలకు 0.1 లేదా తక్కువ ఉంటే చికిత్స సరైన దారిలో ఉన్నట్టు. మీ వారు 7.2, 0.85, 0.09తో మూడు మెట్లూ దాటారు. ఆ మొదటి ఏడాది ఫలితానికి విలువ ఉంది, ఒక్క 0.38 దాన్ని చెరిపేయదు.

ఏడాది దాటాక 0.1 లోపు ఉంటే మంచిది. 0.1కీ 1కీ మధ్య ఉంటే అది హెచ్చరిక. 1 దాటితే, మళ్ళీ చేయించినా అలాగే వస్తే, ఆ మందు విఫలమైనట్టు. 0.38 ఈ లెక్కన హెచ్చరిక గడిలోకి వస్తుంది. ఒకసారి 0.1 లోపుకు వెళ్లి మళ్ళీ పైకి రావడం కూడా హెచ్చరికే. ఈ గడిలో ఉన్నప్పుడు చేసేది మందు మార్చడం కాదు. పరీక్ష త్వరగా మళ్ళీ చేయించడం, మాత్రలు సరిగా పడుతున్నాయో లేదో చూడటం, మధ్యలో వేరే మందులేవైనా చేరాయేమో వెతకడం.

కానీ ఈ మెట్లన్నీ ఇంటర్నేషనల్ స్కేల్ అంకెలకే వర్తిస్తాయి. కొత్త రిపోర్టు తీసి చూడండి, ఫలితం పక్కన ఐ, ఎస్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయా? లేకపోతే అది ఆ ల్యాబు సొంత నిష్పత్తి. ఒక్కో ల్యాబు వాడే కిట్టు, మెషీను, పద్ధతి వేరు కాబట్టి ఒకే రక్తం రెండు చోట్ల ఇస్తే రెండు అంకెలు వస్తాయి. దీన్ని సరిచేయడానికి ప్రతి ల్యాబుకూ ఒక మార్పిడి గుణకం ఉంటుంది, దానితో హెచ్చవేస్తేనే ఇంటర్నేషనల్ స్కేల్ అంకె వస్తుంది. ఉదాహరణకు ఆ ల్యాబు గుణకం 0.3 అయితే 0.38 కాస్తా 0.11 అవుతుంది, అంటే దాదాపు పాత చోటే. గుణకం 1.2 అయితే 0.46 అవుతుంది. ఫోన్ చేసి 'ఇది ఐఎస్ ఫలితమా? కాకపోతే మీ కన్వర్షన్ ఫ్యాక్టర్ ఎంత?' అని అడగండి. చెప్పలేని ల్యాబులో ఈ పరీక్ష మళ్ళీ చేయించకండి.

రిపోర్టులో ఇంకో అంకె కూడా చూడాలి. ఏబీఎల్ కాపీలు అనో, కంట్రోల్ జీన్ కాపీలు అనో రాసి ఉంటుంది. ఫలితం శాతం దీని మీదే లెక్క కట్టేది. బీసీఆర్-ఏబీఎల్ కాపీలు 38, ఏబీఎల్ కాపీలు 10,000 ఉంటే 0.38 శాతం. కంట్రోల్ కాపీలు కనీసం 10,000 ఉంటే శాంపిల్ నాణ్యత బాగున్నట్టు. 2,000 మాత్రమే ఉంటే ఆర్ఎన్ఏ చెడిపోయిందనో, రక్తం చాలలేదనో అర్థం. అప్పుడు 'నాట్ డిటెక్టెడ్' అని వచ్చినా సంతోషించడానికి లేదు, వెతకడానికి సరిపడా సరుకే లేదు. కొంచెం ఎక్కువ వచ్చినా అంతగా కంగారు పడక్కర్లేదు. ఈ అంకె అసలు ఇవ్వని రిపోర్టులు కూడా ఉంటాయి, అలాంటివి నమ్మదగ్గవి కావు.

ల్యాబు, గుణకం అన్నీ సరిగ్గా ఉన్నా ఈ పరీక్షలో రెండు మూడు రెట్ల ఊగిసలాట మామూలే. 0.04, తర్వాత 0.08, మళ్ళీ 0.05 వస్తే అది జబ్బు పెరగడం, తగ్గడం కాదు, కొలతలో ఉండే తేడా. మీ వారిది నాలుగు రెట్లకు కాస్త ఎక్కువ, పైగా 0.1 గీత దాటింది. ఊగిసలాటని వదిలేయడానికి ఎక్కువ, విఫలమని తేల్చడానికి తక్కువ. నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్ళీ చేయించమనడం అందుకే.

ఇప్పుడు శనివారాలు. ఉత్తరంలో చివర ఎక్కడో రాశారు గానీ, మాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన వాక్యం అదే. పన్నెండో నెల నుంచి పదిహేనో నెల వరకు సుమారు 13 శనివారాలు వస్తాయి. 90 మాత్రల్లో 13 పోతే మిగిలేవి 77, అంటే దాదాపు 86 శాతం. 'ఒక్కరోజే కదా' అనిపించే లెక్క ఇది. లండన్‌లో ఇమాటినిబ్ వాడేవారి మాత్రల డబ్బా మూతలకు ఎలక్ట్రానిక్ చిప్పులు అమర్చి, డబ్బా ఎప్పుడెప్పుడు తెరిచారో నమోదుచేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది కూడా ఇదే. 90 శాతం కంటే తక్కువ మాత్రలు వేసుకున్నవారిలో 0.1 గీత అందుకున్నవారు కొద్దిమందే. 90 దాటినవారిలో అత్యధికులు అందుకున్నారు. నెలకు మూడు మాత్రలు పోతే 90 శాతం. మీ వారికి నెలకు నాలుగో ఐదో పోతున్నాయి.

ఒంట్లో జరిగేది ఏమిటంటే, ఇమాటినిబ్ రక్తంలో సుమారు 18 గంటలకు సగానికి తగ్గుతుంది. రోజూ వేసుకుంటే పాతది పూర్తిగా పోకముందే కొత్తది చేరుతుంది, మట్టం నిలబడుతుంది. శుక్రవారం రాత్రి వేసుకుని మళ్ళీ ఆదివారం రాత్రి వేసుకుంటే మధ్యలో 48 గంటలు. ఆ చివరికి మందు మట్టం మామూలుగా ఉండే కనిష్ఠంలో సగం కూడా ఉండదు. ఆ వ్యవధిలో జబ్బు కణాలకు ఊపిరి ఆడుతుంది. వారం వారం ఇదే జరుగుతోంది.

మొక్కు మానమని మేం అనం, అనాల్సిన అవసరమూ లేదు. ఇమాటినిబ్ రోజుకు ఒక్కసారే, ఏదో ఒక భోజనంతో వేసుకుంటే చాలు. శనివారం ఉపవాసం ఉండేవాళ్లు సాయంత్రం దీపం పెట్టాక ఉప్మానో చపాతీనో తింటారు కదా, మాత్ర దాని మధ్యలో వేసుకోవాలి. పెద్ద గ్లాసు నీళ్లతో, సుమారు 200 నుంచి 250 మిల్లీలీటర్లతో మింగాలి. ఆ తర్వాత వెంటనే పడుకోకుండా కనీసం రెండు గంటలు కూర్చోవడమో తిరగడమో చేయాలి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, వారం మొత్తం మాత్రను రాత్రి తిండికే మార్చుకోవడం, ఆ తిండి పడుకునే సమయానికి రెండు గంటల ముందు అయ్యేలా చూసుకోవడం. అప్పుడు శనివారానికి వేరే లెక్కే ఉండదు. సాయంత్రం కూడా పళ్లు పాలతోనే సరిపెట్టే అలవాటైతే, ఆ ఒక్క పూటకి కాస్త గట్టి అల్పాహారం చేసి పెట్టండి. కార్తీక సోమవారాలకు, అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనానికి, రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాతి భోజనానికి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మింగడం కష్టమైనా, మాత్ర తగలగానే కడుపులో తిప్పినా 400 మిల్లీగ్రాముల మాత్రను 200 మిల్లీలీటర్ల మామూలు నీళ్లలో వేసి, చెంచాతో కలిపి, పూర్తిగా విడిపోగానే వెంటనే తాగొచ్చు. గ్లాసు అడుగున మిగిలిన పొడిలో ఇంకొన్ని నీళ్లు పోసి అదీ తాగాలి. మరిచిపోయిన మాత్ర అదే రోజు గుర్తొస్తే తిండితో వేసుకోవచ్చు. మర్నాటి మాత్ర వేళ దగ్గర పడితే వదిలేయాలి. రెండు కలిపి వేసుకోకూడదు.

మిగతా రోజులు తప్పరని మీరు రాశారు, అది నిజమే అయ్యుండొచ్చు. అయినా స్ట్రిప్పులు లెక్కపెట్టండి. కొన్న తేదీ, కొన్న మాత్రలు, మిగిలినవి రాసుకుంటే చాలు. పనుల మీద బయటి ఊళ్లకు వెళ్లినప్పుడు, కళ్ల చుట్టూ వాపు వచ్చి అద్దంలో మొహం చూసుకున్నప్పుడు, రాత్రి పిక్కలు పట్టేసినప్పుడు మగవాళ్లు ఇంట్లో చెప్పకుండా మానేసే మాత్రలు కొన్ని ఉంటాయి. నిలదీయకుండా అడగండి. వాపుకు, పిక్కల నొప్పికి డాక్టరు దగ్గర వైద్యం ఉంది. స్ట్రిప్పు మీద 400 అనే ఉందా అని కూడా చూడండి. ఇమాటినిబ్ 100 మిల్లీగ్రాముల మాత్రలు కూడా దొరుకుతాయి. షాపులో అవి ఇస్తే రోజుకు నాలుగు వేసుకోవాలి. ఒకటే వేసుకుంటే నాలుగో వంతు మందుతో నెల గడిచిపోతుంది. కంపెనీ మారితే మారిన తేదీ నోట్ చేసుకోండి.

ఈ మూడు నెలల్లో కొత్తగా చేరిన మందులేమైనా ఉన్నాయా? టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ ఇమాటినిబ్‌ను కాలేయంలో వేగంగా విరగ్గొట్టి రక్తంలో దాని మట్టం పడగొడతాయి. క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు వాడే ఇట్రకొనజోల్, కీటోకొనజోల్ దీనికి విరుద్ధంగా మట్టం పెంచి దుష్ప్రభావాలు తెస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ కూడా అంతే, దాని చుట్టమైన పంపరపనసనూ దూరం పెట్టడమే మేలు. ఊళ్లో ఎవరైనా పసరు మందో, పేరు లేని పొడో ఇస్తుంటే అదీ డాక్టరుకు చెప్పాల్సిందే. పాంటాప్రజోల్ మాత్రం ఇమాటినిబ్‌కు పెద్దగా అడ్డు రాదు.

తర్వాతి పరీక్షకు రక్తం ఇచ్చే పద్ధతి. ఉపవాసం అక్కర్లేదు, మాత్ర వేసుకున్నాక ఇచ్చినా ఫలితం మారదు. ఊదారంగు మూత ట్యూబులో, అంటే ఈడీటీఏ ట్యూబులోనే తీయాలి. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు పనికిరాదు, హెపారిన్ పీసీఆర్‌ను ఆపేస్తుంది. సీబీపీకి తీసే రెండు మూడు మిల్లీలీటర్లు చాలవు. అంకె తగ్గేకొద్దీ వెతకాల్సిన కణాలు ఎక్కువ కావాలి కాబట్టి పది మిల్లీలీటర్ల వరకు అడుగుతారు. ఎంత కావాలో ల్యాబునే అడగండి. తీసిన రక్తం ఒకటి రెండు రోజుల్లో ల్యాబులో ప్రాసెస్ అయిపోవాలి. ఆలస్యమైతే ఆర్ఎన్ఏ విరిగిపోతుంది. చల్లగా పంపాలి గానీ గడ్డకట్టించకూడదు. శనివారం సాయంత్రం కలెక్షన్ సెంటర్‌లో ఇచ్చిన ట్యూబు ఆదివారమంతా అక్కడే ఉండిపోతుంది. సోమవారం నుంచి బుధవారం లోపు, పొద్దున పూట ఇవ్వండి. అక్కడి నుంచి ట్యూబు ఏ ఊరికి పోతుందో, ఎప్పటికి చేరుతుందో అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. వీలైతే ఈ ఒక్కసారికి హైదరాబాద్ వెళ్లి ల్యాబులోనే నేరుగా ఇవ్వడం మంచిది.

డాక్టరు చీటీలో క్వాంటిటేటివ్ అని ఉండాలి. క్వాలిటేటివ్ పరీక్ష ఉంది, లేదు అనే చెబుతుంది, ఎంతో చెప్పదు. జబ్బు తేల్చిన తొలి రిపోర్టు కూడా తీసి పెట్టుకోండి. అందులో ట్రాన్‌స్క్రిప్ట్ రకం, అంటే అతుకు జన్యువు నుంచి వచ్చే ఆర్ఎన్ఏ ఏ రకమో రాసి ఉంటుంది. సీఎంఎల్‌లో అత్యధికులకు పీ210 రకమే, మామూలు పరీక్ష దాన్నే కొలుస్తుంది. పీ190, పీ230 లాంటి అరుదైన రకాలున్నవారికి మామూలు పరీక్షలో జబ్బు ఉన్నా లేదనే రావచ్చు, వాళ్లకు ప్రత్యేక పరీక్ష కావాలి. మీ వారికి మొదటి నుంచీ అంకెలు వస్తున్నాయి కాబట్టి ఈ చిక్కు ఉండకపోవచ్చు. అయినా ల్యాబు మారినప్పుడల్లా ఆ తొలి కాగితం చూపించాలి.

మళ్ళీ చేయించిన పరీక్షలో 0.1 లేదా తక్కువ వస్తే ఎప్పటిలా మూడు నెలలకోసారికి వెళ్లిపోవచ్చు. 0.1కీ 1కీ మధ్య ఉండి, 0.38 కంటే తగ్గుతుంటే మాత్రలు క్రమంగా వేసుకుంటూ రెండు మూడు నెలలకు ఇంకోసారి. తగ్గకుండా అక్కడే ఉంటే మ్యుటేషన్ పరీక్ష గురించి, అంటే జబ్బును మందుకు లొంగకుండా చేసే జన్యు మార్పులను వెతికే పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడాలి. 1 దాటినా, మాత్రలన్నీ వేసుకుంటున్నా పెరుగుతూనే ఉన్నా మ్యుటేషన్ పరీక్ష తప్పదు, క్రోమోజోములు చూడటానికి బోన్ మారో (ఎముక మజ్జ) పరీక్ష కూడా అడుగుతారు. అంకె మరీ తక్కువగా ఉన్నప్పుడు మ్యుటేషన్ పరీక్షకు సరిపడా ఆర్ఎన్ఏ దొరకక ఫలితం రాకపోవచ్చు. అందుకే 0.38 చూసి వెంటనే దానికి పరుగెత్తి డబ్బు పెట్టకండి. ఒక్క మాట: జ్వరం తగ్గకపోవడం, ఎడమ డొక్కలో బరువు, ఎముకల నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం కారడం, సీబీపీలో తెల్లకణాలు లేదా వాటిలో ఒక రకమైన బేసోఫిల్స్ పెరగడం, ఇవేవి కనిపించినా ఆరు వారాలు ఆగకూడదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఫిష్ సంగతి. అందులో ఓ 200 కణాలను ఒక్కొక్కటిగా మైక్రోస్కోపు కింద చూసి అతుకు ఉందా లేదా అని లెక్కపెడతారు. శాతం ఒకటికి దిగువన ఉన్నప్పుడు అది ఏమీ చెప్పలేదు. ఈ పదిహేను నెలల్లో ఆరో నెల నుంచి ఎప్పుడు చేయించినా నార్మల్ అనే వచ్చేది, 0.09 ఉన్నప్పుడూ, 0.38 ఉన్నప్పుడూ. ఖర్చు ఎంత తగ్గినా తేడా చెప్పలేని పరీక్ష దండగే.

ఖర్చు మాట నిజమే. ఇమాటినిబ్ బ్రాండ్ అయిన గ్లీవెక్ పేటెంటు కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత హైదరాబాద్ కంపెనీలతో సహా మన దేశంలో ఇమాటినిబ్ చవకగా తయారవడానికి అడ్డు తొలగిపోయింది. ఇప్పుడు చాలా ఇళ్లలో మాత్రకంటే పరీక్షే బరువనిపిస్తోంది. మాత్ర ఆరోగ్యశ్రీలో వస్తుంటే ఆస్పత్రిలోని ఆరోగ్య మిత్రను పరీక్ష కూడా అందులో కలుస్తుందా అని అడగండి. టీబీ పరీక్షలకు వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ మెషీనుకే సీఎంఎల్ క్యాట్రిడ్జ్ కూడా ఉంది. నాలుగు మిల్లీలీటర్ల రక్తంతో కొన్ని గంటల్లోనే ఇంటర్నేషనల్ స్కేల్ ఫలితం ఇస్తుంది, కానీ పీ210 రకానికి మాత్రమే. మెషీను ఉన్న ప్రతిచోటా ఆ క్యాట్రిడ్జ్ ఉండదు, పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో అడగాలి. ఒకచోట మొదలుపెడితే అక్కడే కొనసాగించాలి. పీసీఆర్ బాగున్నప్పుడు బోన్ మారో పదే పదే అక్కర్లేదు, నెలనెలా స్కానింగులూ అక్కర్లేదు, ఆదా చేయగలిగేది అక్కడ. 0.1 లోపు రెండేళ్లు స్థిరంగా ఉంటే పరీక్షను మూడు నుంచి ఆరు నెలలకోసారికి పెంచుకోవచ్చు. మీ వారు ఆ దశకు ఇంకా రాలేదు.

పిల్లలకు పరీక్ష అక్కర్లేదు. ఈ మార్పు పుట్టాక ఎముక మజ్జలోని ఒక కణంలో వచ్చేది, తండ్రి నుంచి బిడ్డలకు దిగేది కాదు.

మాత్ర ఎప్పటికైనా ఆపొచ్చా అని మీరు అడగలేదు గానీ మీ వారు అడిగే ఉంటారు. ఇమాటినిబ్ కనీసం ఐదేళ్లు వాడి, అందులో కనీసం రెండేళ్లు 0.01 లేదా అంతకంటే తక్కువ స్థిరంగా ఉన్నవారిలో, డాక్టరు పర్యవేక్షణలో ఆపి చూస్తారు. ఆపాక మొదటి ఆరు నెలలు నెలనెలా పీసీఆర్ చేయించాలి. సుమారు సగం మందికి జబ్బు మళ్ళీ కనిపిస్తుంది, ఎక్కువమందికి ఆ ఆరు నెలల్లోనే. వెంటనే మాత్ర మొదలుపెడితే దాదాపు అందరికీ తిరిగి లొంగుతుంది. మధ్యలో మాత్రలు ఎగ్గొట్టేవారు ఆ మెట్టు దాకా వెళ్లడం కష్టం. ఆయనకు చెప్పడానికి ఈ మాట పనికొస్తుందేమో చూడండి.

చివరగా డాసటినిబ్. అది ఇమాటినిబ్ కంటే బలమైనదే, అంకెను వేగంగా దించుతుంది. కానీ ఇమాటినిబ్ నిజంగా విఫలమైందని తేలకుండా మారితే చేతిలో ఉన్న రెండో ఆయుధాన్ని ఊరికే ఖర్చుపెట్టుకున్నట్టు. పైగా శనివారాలు దాన్నీ మానేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది. దాని ఇబ్బందులు దానికున్నాయి, ముఖ్యంగా ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం. ఆయాసం వస్తే ఎక్స్‌రే తీయించాల్సి ఉంటుంది. మార్చాల్సి వచ్చినా ఏ మందుకు అన్నది మ్యుటేషన్ చెబుతుంది. ఎఫ్317ఎల్, వీ299ఎల్ అనే మ్యుటేషన్లు ఉంటే డాసటినిబ్ పనిచేయదు. వై253హెచ్, ఈ255కే, ఎఫ్359 ఉంటే ఇదే కోవలోని మరో మందు నిలోటినిబ్ కాకుండా డాసటినిబ్ వైపు మొగ్గుతారు. టీ315ఐ ఉంటే ఈ రెండూ పనికిరావు, పొనాటినిబ్ లేదా అసిమినిబ్ చూడాలి. ఒకవేళ డాక్టరు డాసటినిబ్ రాస్తే ఆ రోజే పాంటాప్రజోల్ సంగతి ఎత్తండి. కడుపులో యాసిడ్ తగ్గితే డాసటినిబ్ ఒంటికి పట్టదు కాబట్టి పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి దానితో కలిపి వాడకూడదు. మంటకు మామూలు యాంటాసిడ్ సిరప్ వాడొచ్చు, అదీ డాసటినిబ్‌కు కనీసం రెండు గంటలు ముందు గానీ తర్వాత గానీ.